ఇనుము మీది అక్షరాలు

కొన్ని సంవత్సరాల క్రిందట ఒక ఆంగ్ల అపరాధపరిశోధక నవలను తెలుగు చేస్తూ నేనొక పొరపాటు చేసినాను. మూలంలో హంతకుని చేతిలో ఉన్నది ఆటోమేటిక్ పిస్తోలు. తెలుగు చెవికి ‘రివాల్వరు’ అనే మాట మరింత గంభీరంగా వినిపిస్తుందని తోచి దానినే వాడినాను. రెండూ చేతిలో ఇమిడే తుపాకులే గదా అని నా ధైర్యం. ఆ కథలో చివరి ముడి విడేది గదిమూల దొరికిన ఒక ఖాళీ తూటా డొల్లవల్ల. పుస్తకం అచ్చయిన నెలకు, ఉద్యోగవిరమణ చేసిన ఒక సైనికాధికారి నుండి కార్డు వచ్చినది. ‘అయ్యా, రివాల్వరు పేలినప్పుడు డొల్ల దాని చక్రంలోనే నిలిచిపోతుంది, ఎవరైనా తీసి పారవేస్తే తప్ప నేలమీద పడదు. పేలిన ప్రతిసారీ డొల్లను తనంత తాను వెలికి చిమ్మేది మీరు మూలంలో చదివిన ఆ పిస్తోలు. మీ తెలుగులో ఆ హంతకుడు పట్టుబడడానికి వీలు లేదు’ అని అందులో ఉన్నది. ఒక్క మాట తప్పినందుకు కథ అంతా కూలినది.

నేను ఆయుధప్రియుణ్ణి కాను. ఆ వస్తువులను అద్దాల బీరువాల వెనుక చూడడమే గాని చేత పట్టి ఎరుగను. కాని ఆ కార్డు నన్ను వాటి చరిత్ర వైపు త్రిప్పినది. పాత పిస్తోళ్ళను, రివాల్వర్లను సేకరించేవారు వాటిని ఎట్లా చూస్తారో తెలిసికొన్నకొద్దీ నాకొక విషయం స్పష్టపడినది. పాత తుపాకి ఒక వ్రాతప్రతి వంటిది. దానిని చక్కగా సేకరించేవాడు మొదట మంచి చదువరి. ఆ చదువు మన దేశంలో చాలినంత సాగలేదు. అందువల్లనే మన స్వాతంత్ర్యచరిత్రకు చెందిన ఒక ముఖ్యమైన వస్తువు దాదాపు అర్ధశతాబ్దం మన కళ్ళయెదుటనే ఉండి కూడా ఎవరికీ కనబడకుండా పోయినది. ఆ కథ చెప్పడానికి ముందు ఈ చదువు ఎటువంటిదో కొంత వివరించవలసి ఉన్నది.

మాటలతోనే మొదలుపెడతాను. మన ‘తుపాకి’ తుర్కీ మూలం నుండి వచ్చినది. హిందుస్తానీలో చేతితుపాకికి చెప్పే ‘తమంచా’ కూడా తుర్కీలో పుట్టి పారసీకం మీదుగా వచ్చినదే. ‘పిస్తోలు’ బొహీమియా దేశంలో పుట్టినదని పలువురు భాషావేత్తల మతం. చెక్ భాషలో ‘పిష్టాల’ అంటే ఊదే గొట్టం, పిల్లనగ్రోవి. 15వ శతాబ్దపు హుస్సైటు యుద్ధాలలో చిన్న గొట్టపు తుపాకికి ఆ పేరు పెట్టినారు. ఇక ‘రివాల్వరు’ చుట్టడం, త్రిప్పడం అనే అర్థం గల లాటిను ధాతువు నుండి ఏర్పడినది. గ్రంథసంపుటాన్ని ఇంగ్లీషులో ‘వాల్యూము’ అంటారు గదా, అదీ ఆ ధాతువు బిడ్డయే. పూర్వం పుస్తకమంటే చుట్టిపెట్టిన చుట్ట. పిస్తోలు పిడిలో తూటాలు పేర్చే అరను ‘మాగజైను’ అంటారు. మనం వ్రాసే పత్రికనూ ‘మాగజైను’ అనే అంటారు. రెండింటికీ మూలం నిలవచేసే చోటు అనే అర్థం గల అరబ్బీ శబ్దం. మన ‘ఖజానా’ ఆ కుటుంబంలోనిదే. పుస్తకానికీ తుపాకికీ ఇంత దగ్గర చుట్టరికం ఉన్నదని నేను అనుకోలేదు.

రివాల్వరు చరిత్ర చెప్పేవారందరూ సామ్యుయెల్ కోల్టు పేరు చెపుతారు. ఆ చరిత్రలో మన దేశపు రేవు ఒకటి ఉన్నది. 1814లో అమెరికాలో పుట్టిన ఈ కుర్రవాడు 1830లో, పదహారేండ్ల వయస్సున, ‘కార్వో’ అనే ఓడలో పనివాడుగా బోస్టను నుండి కలకత్తాకు ప్రయాణమైనాడు. ఓడ చుక్కానిచక్రం ఏ వైపు తిరిగినా దాని ఆకులలో ఏదో ఒకటి సరిగా కొక్కెం ఎదుటికి వచ్చి నిలవడం చూచి, తుపాకిలో కూడా మందుగదులను అట్లే త్రిప్పి నిలపవచ్చునని అతనికి తోచినదట. తీరికవేళల కత్తితో కొయ్యను చెక్కి నమూనా చేసినాడట. ఆ కొయ్యనమూనా నేటికీ హార్ట్‌ఫర్డు నగరపు మ్యూజియంలో ఉన్నది.

ఇది కోల్టు పక్షాన ప్రచారంలోకి వచ్చిన పాఠం. దీనికి పాఠాంతరం ఉన్నది. బోస్టను వాడే అయిన ఎలీషా కాలియరు 1818లోనే ఇంగ్లండులో, చెకుముకిరాతితో పేలే తిరుగుచక్రపు తుపాకికి పేటెంటు పొందినాడు. కాలియరు తుపాకులు ఇండియాలోని ఆంగ్లసేనలో కొన్ని వాడుకలో ఉన్నవి. అందుచేత కోల్టు కలకత్తాలో వాటిని చూచియే ఉంటాడని కొందరి ఊహ. అంతకు పూర్వమే తిరుగుగదుల ఒత్తితుపాకులు యూరపులోను, మన దేశంలోను చేసినవారు ఉన్నారు. అటువంటివి మ్యూజియములలో నేటికీ కనబడతవి. 1851లో లండనులోని సివిల్ ఇంజనీర్ల సంస్థలో ఉపన్యసిస్తూ కోల్టు ఆ పాత తుపాకులను స్వయంగా ప్రస్తావించినాడు. అయితే తాను కనిపెట్టినప్పుడు వాటి సంగతి ఎరుగనని చెప్పుకొన్నాడు. ఓడచక్రం కథ నిజమా, కాలియరు తుపాకి కథ నిజమా? తేల్చడానికి ఆధారం చాలదు. ఒక గ్రంథానికి రెండు ప్రతులు దొరికినప్పుడు పరిష్కర్త రెండు పాఠాలనూ చూపి ఊరకుండడం ఎట్లా మర్యాదో, ఇక్కడనూ అంతే.

కోల్టుకు అమెరికా పేటెంటు 1836 ఫిబ్రవరి 25న లభించినది. పాటర్సనులో పెట్టిన మొదటి కార్ఖానా 1842లో దివాలా తీసినది. 1847లో టెక్సాసు అశ్వికుడు కాప్టెను సామ్యుయెల్ వాకరు సలహాతో చేసిన పెద్ద రివాల్వరుకు ప్రభుత్వం వేయి కావాలని పురమాయించడంతో అతని దశ తిరిగినది. ఆ ‘వాకరు’ రివాల్వరు బరువు దాదాపు 2 కిలోగ్రాములు. జీను సంచిలో పెట్టుకొనవలసినదే గాని నడుముకు కట్టుకొనే వస్తువు కాదు. దాని చక్రం చుట్టూ గుర్రపుదళానికీ కొమాంచీలకూ జరిగిన పోరాటదృశ్యం చెక్కి ఉంటుంది. నోట్ల అచ్చుపలకలు చెక్కడంలో ఆరితేరిన ఆర్మ్స్‌బీ అనే శిల్పి దానిని చెక్కినాడు. చేతి రాపిడికి ఆ దృశ్యం త్వరలోనే అరిగిపోతుంది. అందుచేత సేకర్తలు మొదట చూచేది ఆ బొమ్మలో ఎన్ని గీతలు మిగిలినవని. మనం తాళపత్రం ఎత్తి ఎన్ని అక్షరాలు పురుగు తినకుండా మిగిలినవని చూడమా?

కోల్టు లండనులో 1853లో కార్ఖానా తెరచి, మూడేండ్లకే మూసివేసినాడు. అతనికి పోటీగా నిలిచిన రాబర్టు ఆడమ్సు 1851లో పేటెంటు పొందిన రివాల్వరులో మీట నొక్కితే చాలు, గుర్రం తానే లేచి దెబ్బ వేస్తుంది. కోల్టులో ప్రతి దెబ్బకూ బొటనవ్రేలితో గుర్రాన్ని ఎత్తవలసినదే. తుపాకి కొట్టుడుముక్కను హిందుస్తానీలో ‘ఘోడా’ అంటారు గనుక ఇక్కడ గుర్రం అన్నాను. ఈ రెండు రకాలూ 1857నాటి పోరాటాలలో ఆంగ్లాధికారుల చేతులలో మన నేలమీద పేలినవి. తరువాతి కాలంలో ఇంగ్లండులో చేసి కలకత్తా వర్తకుల పేర్లు చెక్కి అమ్మిన రివాల్వర్లు ఎన్నో వచ్చినవి. సేకర్తల చేతికి చిక్కినప్పుడు ఆ వర్తకుని పేరు కూడా వారికి ఒక శాసనపంక్తియే.

ఈ చదువులోని క్రమం చూడండి. పాత కోల్టు రివాల్వరులో గొట్టానికీ, చట్రానికీ, మీటకాపుకూ, పిడిపట్టెకూ, చక్రానికీ ఒకే వరుససంఖ్య వేస్తారు. చేతితో రాకి ఒకదానికొకటి అమర్చిన ముక్కలు కార్ఖానాలో కలగాపులగం కాకుండా పెట్టిన గుర్తు అది. ఆనాటి పనివాని సౌకర్యానికి వేసిన ఆ అంకెలే నేడు పరీక్షకు ఆధారం. అన్నింటిమీద ఒకే అంకె ఉంటే ఆ తుపాకి చెక్కుచెదరలేదని అర్థం. చక్రం మీది అంకె వేరైతే ఎప్పుడో చక్రం మార్చినారని అర్థం, అనగా ప్రక్షిప్తం. గొట్టం మీద పరీక్షాముద్రలు ఉంటవి. లండనులోను, బర్మింగుహాములోను ఉన్న పరీక్షాశాలలలో మామూలుకంటె హెచ్చు మందు దట్టించి కాల్చి, పగలని గొట్టానికే ఆ ముద్ర వేసేవారు. ముద్రలో కిరీటం ఏ తీరులో ఉన్నదో చూచి కాలం నిర్ణయిస్తారు. మన శాసనపరిశోధకులు లిపిని చూచి శతాబ్దం చెప్పినట్లే.

మరొకటి, ఇనుము వన్నె. కొత్త రివాల్వరుకు నీలివన్నె వేస్తారు. దశాబ్దాల చేతిస్పర్శకు అది అరిగి, గోధుమరంగు తిరుగుతుంది. తెలియనివాడు దానిని సానబట్టి, మళ్ళీ నీలివన్నె వేయించి మెరిపిస్తాడు. అంతటితో దాని విలువ పోతుంది, ముద్రల అంచులు అరిగిపోతవి గనుక. మన ప్రాచీనకావ్యాల పరిష్కర్తలు కొందరు తమకు రుచించని పాఠాన్ని ‘సవరించి’ అచ్చువేసిన ఉదంతాలు నా పాఠకులు ఎరుగనివి కావు. బ్రౌను దొర కడపలో పండితులను చేరదీసి అనేక ప్రతులను సరిపోల్చి శుద్ధప్రతులు వ్రాయించినాడు. ఆయన పాత ప్రతులను కూడా దాచి ఉంచడంవల్లనే ఆ సవరణల మంచిచెడ్డలను మనం ఈనాడు పరీక్షించగలుగుతున్నాము. మూలాన్ని చెరపకుండా ఉంచడం సేకర్త మొదటి ధర్మం, తాటాకైనా ఇనుమైనా.

కూటసృష్టులూ తక్కువేమీ కాదు. ఖైబరు కనుమకు సమీపంలోని దర్రా ఆదంఖేలులో కమ్మరులు ఆంగ్లేయుల తుపాకులను చూచి చేతితో అచ్చుగుద్దినట్లు చేసేవారు. పనితనం మెచ్చదగినదే. కాని ముద్రలు చెక్కేవారికి ఇంగ్లీషు లిపి రాదు. అందుచేత అక్షరం ఎడమకుడిగా తిరగబడుతుంది, మాటలో ఒక అక్షరం జారిపోతుంది. విక్టోరియా రాణి 1901లో మరణించినది. ఆ తరువాతి సంవత్సరం తేదీ వేసి పైన ఆమె నామముద్ర చెక్కిన తుపాకులు దొరుకుతున్నవి. తనకు రాని లిపిని బొమ్మగా నకలు చేసిన లేఖకుడు ఎటువంటి తప్పులు చేస్తాడో ఇతడూ అవే చేసినాడు.

అన్నింటికీ మించి సేకర్త వెదకేది దస్తావేజు. కోల్టు కంపెనీవారు తమ పాత జమాపుస్తకాలను చూచి, ఫలానా సంఖ్య గల తుపాకి ఫలానా తేదీన ఫలానా వర్తకునికి పంపినామని ఉత్తరం వ్రాసి ఇస్తారు. ఆ ఉత్తరం ఉన్న తుపాకి వేరు, లేని తుపాకి వేరు. 2018లో అమెరికాలో ఒక వాకరు రివాల్వరు వేలంలో 18 లక్షల 40 వేల డాలర్లు పలికినది. 2021లో, 1881 జూలైలో బిల్లీ ది కిడ్ అనే బందిపోటును షెరీఫు పాట్ గారెట్ చంపిన కోల్టు రివాల్వరు 60 లక్షల డాలర్లకు పైగా పలికినది. రెండవది మేలిరకం వస్తువు కాదు. అటువంటివి వేలకొలది ఉన్నవి. ఆ ధర ఇనుముకు కాదు, కథకు. కథకు కూడా కాదు, ఆ కథ ఈ ఇనుముదేనని చూపే కాగితాలకు. ఒక మనిషి చావుకు ఇంత వెల కట్టడం చూచి నాకు ఒళ్ళు జలదరించిన మాట నిజం. అయినా కాగితానికి వారిచ్చే విలువ మాత్రం నేర్చుకొనదగినది.

ఇక మన దేశం. ఇక్కడ ఇటువంటి సేకర్తలు పెరగడానికి వీలే లేకపోయినది. 1878లో లిట్టన్ ప్రభువు కాలాన వచ్చిన ఆయుధచట్టం లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి పట్టరాదని శాసించి, యూరోపియనులను మాత్రం మినహాయించినది. ఆయుధాగారాలు సంస్థానాధీశులకు, నవాబులకు మిగిలినవి. మూడవ సాలార్‌జంగు సేకరించిన ఆయుధాలు 1951లో తెరచిన హైదరాబాదు మ్యూజియంలో ఉన్నవి. తెలుగువాడు ఈ విద్యను కంటితో నేర్చుకొనదలిస్తే మొదట పోవలసిన చోటు అదే. 1878 చట్టం స్థానంలో 1959నాటి చట్టం వచ్చినది. 2019 సవరణతో ఒక లైసెన్సుదారు ఉంచుకొనదగిన తుపాకులు మూడునుండి రెండుకు తగ్గినవి. మరమ్మతు చేసినా పేలని పురాతనాయుధాలకు మాత్రం చట్టం మినహాయింపు ఇస్తున్నది. ఈ కట్టుబాట్లను నేను నిందించడంలేదు. తుపాకి సులభంగా దొరికే దేశాలు దానికి చెల్లిస్తున్న వెల మనం చూస్తూనే ఉన్నాము. చెప్పవచ్చినదేమంటే, మన చరిత్రలో నిలిచిన పిస్తోళ్ళు సేకర్తల బీరువాల నుండి రాలేదు. పోలీసు మాలుఖానాల నుండి, న్యాయస్థానాల సాక్ష్యవస్తువుల పట్టీల నుండి వచ్చినవి. వాటి జాతకం వ్రాసినవారు వాటికి శత్రువులు.

1914 ఆగస్టు 26న కలకత్తాలో జరిగినది దీనికి చక్కని నిదర్శనం. రాడా కంపెనీ గుమాస్తా శ్రీశచంద్ర మిత్ర సుంకపుశాల నుండి 202 పెట్టెలు విడిపించి, 192 మాత్రం కంపెనీ గిడ్డంగికి చేర్చినాడు. తక్కిన పది తెస్తానని వెళ్ళినవాడు మరి తిరిగి రాలేదు. ఆ పదింటిలో 50 మాసరు పిస్తోళ్ళు, 46,000 తూటాలు ఉన్నవి. అవి వంగదేశపు విప్లవసంఘాలకు చేరినవి. పిస్తోళ్ళన్నింటికీ సంఖ్యలు ఉన్నవి. ఆ సంఖ్యలు కంపెనీ పుస్తకంలో ఉన్నవి. పట్టుబడిన ప్రతి పిస్తోలునూ ఆ పట్టీతో సరిచూచుకొంటూ పోయినారు. 1918లో రౌలట్ సంఘం నివేదిక వ్రాసేనాటికి 31 దొరికినవి. ఆ విప్లవకారుల జాడను ప్రభుత్వం అంకెలలో చదివినది.

అదే విధమైన అంకె ఒకటి మరొకనాడు మనకు మేలు చేసినది. 1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్సు అనే పోలీసు అధికారిని కాల్చిన కేసులో భగత్‌సింగ్ పిస్తోలు సాక్ష్యవస్తువు. అది .32 కోల్టు ఆటోమేటిక్; సంఖ్య 168896. 1931 మార్చిలో ఆయనను ఉరితీసిన తరువాత పిస్తోలు పోలీసువారి వస్తువులలో కలిసిపోయినది. 1969లో పంజాబునుండి ఇందోరుకు పంపిన ఆయుధాలలో అదీ ఒకటిగా వెళ్ళి, సరిహద్దు రక్షణదళం వారి ఆయుధశిక్షణశాలకు చేరినది. అక్కడ తుప్పు పట్టకుండా పాత ఆయుధాలకు నల్లరంగు పూసినారు. మంచి ఉద్దేశంతో పూసిన ఆ రంగు క్రింద అంకె మునిగిపోయినది. అది ఎవరి పిస్తోలో తెలియక అందరూ దాని ముందునుండి నడచిపోయినారు. 2016లో ఒక పాత్రికేయుడు కేసు దస్తావేజులలోని సంఖ్యను పట్టుకొని జాడ తీసినాడు. రంగు గోకి చూడగా అదే సంఖ్య బయటపడినది. ఇప్పుడు దానికి దాని పేరు తిరిగి వచ్చినది.

ఈ ఉదంతం మన పండితలోకానికి హెచ్చరికగా నాకు తోస్తున్నది. పిస్తోలు పోలేదు, కాగితమూ పోలేదు. ఒకదాని ప్రక్కన మరొకటి పెట్టి చదివే మనిషి లేకపోయినాడు. చంద్రశేఖర ఆజాదు పిస్తోలు అదృష్టవంతురాలు. 1931 ఫిబ్రవరి 27న అలహాబాదు ఆల్ఫ్రెడ్ పార్కులో ఆయన చేతినుండి జారిన ఆ కోల్టు సముద్రాలు దాటి ఇంగ్లండుకు పోయి, 1970ల దశకంలో తిరిగి వచ్చి, అలహాబాదు మ్యూజియంలో పేరుతో నిలిచినది. పరాయి చేతిలోనైనా దాని జాతకం దానితోనే ఉన్నది.

తెలుగుదేశంలో మరొక తీరు కథ ఉన్నది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషనులపై దాడిచేసి 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు తీసికొనిపోయినాడు. అవి చేతితుపాకులు కావు, పోలీసు మస్కెట్లు. ఆయన ఏమేమి తీసికొన్నదీ స్టేషను పుస్తకంలో వ్రాసి సంతకం పెట్టి వెళ్ళినాడు. అందులో ధీరత్వాన్ని అందరూ మెచ్చినారు. నేను మరొకటి చూస్తున్నాను: పాలకుల పట్టీలో మనవాడు తన చేతితో వ్రాసిన పంక్తి. శత్రువు మన జాతకం వ్రాయకముందే మనమే వ్రాసుకొనడం అది.

చివరగా మరొక అంకె చెప్పక తప్పదు: 606824. ఇటలీలో చేసిన బెరెట్టా పిస్తోలు సంఖ్య అది. 1948 జనవరి 30న ఢిల్లీలో గాంధీమహాత్ముణ్ణి బలిగొన్నది ఆ పిస్తోలు. పనితనం దృష్టితో చూస్తే అదీ చక్కని యంత్రమే. సేకర్త తూచే త్రాసులో దానికీ విలువ ఉన్నది. ఇక్కడ నా మనస్సు ఆగిపోతుంది. 168896, 606824 — రెండూ కార్ఖానాలో పనివాడు గుద్దిన అంకెలు. ఇనుముకు పాపపుణ్యాలు తెలియవు. తేడా చెప్పగలది ఆ అంకె ప్రక్కన మనం వ్రాసిపెట్టుకొన్న చరిత్ర ఒక్కటే. అది చెరిగిపోతే రెండు పిస్తోళ్ళూ ఒకే బీరువాలో, ఒకే నల్లరంగు క్రింద, ఒకే విధంగా మెరుస్తూ ఉంటవి.

పాత ఆయుధాన్ని పూజించమని నేను అనను, పారవేయమనీ అనను. చదవమంటాను. మన మ్యూజియములలో, పోలీసు మాలుఖానాలలో, పాత సంస్థానాల కోటలలో ఉన్న చేతితుపాకుల సంఖ్యలను, ముద్రలను ఒక పట్టీగా వ్రాసి, దస్తావేజులతో సరిచూచే పని ఇంకా చాలా మిగిలి ఉన్నది. తాళపత్రాల పట్టికలు తయారుచేసిన జాతికి అది చేతకాని పని కాదు. నా నవల రెండవ ముద్రణలో ‘రివాల్వరు’ను ‘పిస్తోలు’గా దిద్దినాను, హంతకుడు పట్టుబడినాడు. అచ్చులో తప్పు దిద్దుకొనడానికి రెండవ ముద్రణ ఉంటుంది. ఇనుము మీద చెరిగిన అక్షరానికి ఆ అవకాశం లేదు.